విజయనగరంలో ఉంటూ సూపర్‌హీరో కామిక్స్ చదవడం, కొనడం, దాచుకోవడం

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ కామిక్స్ కోసమే పెట్టిన దుకాణం నేనింతవరకు చూడలేదు. అయినా ఇక్కడ సూపర్‌హీరో కథలంటే చెవి కోసుకునేవాళ్ళకు లోటు లేదు. సినిమా చూసి వస్తారు. దీని అసలు పుస్తకం ఏది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా తెప్పించుకోవాలి అని అడుగుతారు. ఈ మూడింటికీ ఇక్కడ జవాబు రాస్తున్నాను. పుస్తకాలు నాలుగు పోగయ్యాక వచ్చే మరో ప్రశ్న ఉంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో వాటిని పాడవకుండా ఎలా దాచుకోవాలి? దానికి కాస్త ఎక్కువ చోటిచ్చాను, ఎందుకంటే బయటి దేశాలవాళ్ళు రాసిన సలహాలు మన వాతావరణానికి సరిపోవు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ హీరో అన్నది చూసి పుస్తకం కొనకండి. ఎవరు రాశారు, ఎవరు గీశారు, కథ ఆ పుస్తకంలోనే పూర్తవుతుందా అన్న మూడు సంగతులూ చూసి కొనండి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ మాట మీదే నిలబడి ఉంది.

ఈ సరదా మన ప్రాంతానికి పరాయిదని కూడా అనుకోవద్దు. సూపర్‌మ్యాన్‌కు జో షూస్టర్ వేసిన దుస్తులకు ఆనాటి సర్కస్ మల్లుల వేషం ఒక ఆధారం. బిగుతు దుస్తుల మీద లాగు వేసే పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే. ఆ కాలానికి ముందే వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి సర్కస్ నడిపి, ఉక్కు గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలుపుకుని, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్నాడు. శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉంది. ఇక బొమ్మల సంగతికి వస్తే, చందమామ అట్టల మీద పురాణ వీరులకు రంగులద్దిన వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు. ఆ అట్టలు చూస్తూ పెరిగిన ఇళ్ళలో ఒక్క బొమ్మలో కథను చదవగలిగే కన్ను ఇప్పటికే ఉంది.

మొదటి అడుగు: పుస్తకాల రకాలు తెలుసుకోవడం

అమెరికాలో నెలనెలా వచ్చే పల్చని పుస్తకాన్ని సంచిక అందాం. 20 నుంచి 22 పుటల కథ, నడుమ రెండు పిన్నులు, సుమారు 17 సెంటీమీటర్ల వెడల్పు, 26 సెంటీమీటర్ల ఎత్తు. అక్కడ ధర నాలుగైదు డాలర్లు. కథ మంచి పట్టులో ఉండగా సశేషం అంటుంది. ఇక్కడికి తెప్పించాలంటే రవాణా ఖర్చు పుస్తకం ధరను మించిపోతుంది.

అయిదారు సంచికలను వరసగా కలిపి వేసేది సంపుటి. వారపత్రికల్లో సీరియల్ పుటలు చింపి, వరసగా పెట్టి, బైండు చేయించి దాచుకోవడం మన ఇళ్ళలో ఉన్న అలవాటే. ఇది సరిగ్గా అటువంటిదే, కాకపోతే ప్రచురణకర్తే చేసి ఇస్తాడు. మనలాంటి ఊళ్ళలో ఉండే పాఠకుడికి అనువైనది ఇదే.

ఆమ్నిబస్ అంటే పాతిక, ముప్పై, అంతకంటే ఎక్కువ సంచికలను గట్టి అట్టతో ఒక్కచోట కుట్టిన భారీ గ్రంథం. బీరువాలో దర్జాగా ఉంటుంది కానీ పడుకుని చదవడం కుదరదు, చేతులు నొప్పి పుడతాయి. ఏ కథ మీకు ప్రాణమో తేలాకే అటు వెళ్ళండి. గ్రాఫిక్ నవల అనే పేరు మొదటి నుంచీ ఒకే పుస్తకంగా అనుకుని రాసినవాటికి చెందాలి. దుకాణాల్లో మాత్రం సంపుటులన్నిటినీ అలాగే పిలుస్తున్నారు. దాని గురించి పేచీ అనవసరం.

రెండో అడుగు: మొదటి పుస్తకం ఎంచుకోవడం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. సూపర్‌మ్యాన్ 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో వచ్చాడు. బ్యాట్‌మ్యాన్ 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో, స్పైడర్‌మ్యాన్ 1962లో అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో వచ్చారు. అప్పటి నుంచీ ఈ కథలు నడుస్తూనే ఉన్నాయి. ఎన్నో చేతులు మారాయి. మొదటి నుంచి అన్నీ చదువుతానని కూర్చుంటే జన్మ చాలదు, చదవాల్సిన అవసరమూ లేదు.

సంఖ్యలను నమ్ముకున్నా దారి తప్పుతాం. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కథలు వేసే డీసీ సంస్థ 1985, 86లలో పన్నెండు సంచికల పెద్ద కథ ఒకటి నడిపి తన లోకాలన్నిటినీ కలిపి కొత్తగా కట్టింది. 2011లో మళ్ళీ 52 పత్రికలను ఒకటో సంచికతో మొదలుపెట్టింది. స్పైడర్‌మ్యాన్ కథలు వేసే మార్వెల్ కూడా రచయిత మారినప్పుడల్లా ఒకటో సంఖ్య వేస్తుంటుంది. కాబట్టి అట్ట మీద 1 అని ఉన్నంత మాత్రాన కథ అక్కడ మొదలైందని కాదు. సంపుటి వెన్ను మీద ఉన్న సంఖ్య కూడా ఆ రచయిత హయాంలో ఎన్నోదో చెబుతుంది, అంతే.

అందుకే దానంతట అది నిలబడే కథతో మొదలుపెట్టండి. బ్యాట్‌మ్యాన్ కావాలంటే నా సలహా ‘ఇయర్ వన్’. 1987లో బ్యాట్‌మ్యాన్ పత్రిక 404 నుంచి 407 దాకా నాలుగే సంచికల్లో వచ్చింది. ఫ్రాంక్ మిల్లర్ రాశాడు, డేవిడ్ మజుకెల్లి గీశాడు. ముసుగు మనిషి కథ ఎంతో, అవినీతి నిండిన పోలీసు శాఖలోకి బదిలీ అయి వచ్చిన గోర్డన్ కథ కూడా అంతే. ఇంతకుముందు ఒక్క బ్యాట్‌మ్యాన్ కథ చదవకపోయినా అడ్డు రాదు. మంచి పోలీసు నవల ఇష్టపడేవాళ్ళు ఎవరైనా చదివేస్తారు.

సూపర్‌మ్యాన్ కావాలంటే ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’. గ్రాంట్ మోరిసన్ రాయగా ఫ్రాంక్ క్వైట్లీ గీసిన పన్నెండు సంచికలు, 2005 నుంచి 2008 దాకా వచ్చాయి. మరణం దగ్గరపడిందని తెలిసిన వీరుడు మిగిలిన కాలాన్ని ఎలా గడిపాడన్నది కథ. సర్వశక్తిమంతుడి కథలో ఉత్కంఠ ఏముంటుందని అడిగేవాళ్ళందరికీ నేను ఇదే ఇస్తాను.

ఇంట్లో పిల్లలు ఉంటే, 2000లో మొదలైన ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’ తొలి సంపుటి గానీ, 2014లో మొదలైన ‘మిజ్ మార్వెల్’ గానీ తీసుకోండి. రెండోదానిలో కథానాయిక కమలా ఖాన్, న్యూజెర్సీలో ఉండే పాకిస్తానీ కుటుంబం పిల్ల. రాత్రిపూట బయటికి వెళ్ళవద్దనే తల్లి, చదువు గురించి పోరే తండ్రి, మసీదులో పెద్దలు, వీటన్నిటి మధ్య ఆమెకు శక్తులు వస్తాయి. మన ఇళ్ళలోని పదహారేళ్ళ ఆడపిల్ల ఆ వంటింటి సంభాషణలను తనవిగా చదువుకుంటుంది.

‘వాచ్‌మెన్’తో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. 1986, 87లలో అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ చేసిన ఆ పన్నెండు సంచికలు గొప్పవే. కానీ అది అప్పటిదాకా వచ్చిన సూపర్‌హీరో కథలను నిలదీసే రచన. నిలదీస్తున్నది దేన్నో తెలియకుండా చదివితే సగం రుచే అందుతుంది. ఓ పది సంపుటులు చదివాక దాని దగ్గరికి వెళ్ళండి.

భారతీయ హీరోలను విడిచిపెట్టవద్దు. రాజ్ కామిక్స్ నాగరాజ్ 1986లో, సూపర్ కమాండో ధ్రువ 1987లో వచ్చారు. ధ్రువకు అతీత శక్తులేవీ లేవు. సర్కస్‌లో పెరిగి, బుద్ధితో, వ్యాయామంతో గెలుస్తాడు. ఇవి హిందీలో ఉంటాయి. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాసినవాళ్ళు ఆ చదువును మళ్ళీ బయటికి తీయడానికి ఇంతకంటే మంచి సాకు లేదు. 2004లో మార్వెల్ అనుమతితో గోథమ్ కామిక్స్ వెలువరించిన ‘స్పైడర్‌మ్యాన్: ఇండియా’ నాలుగు సంచికలు కూడా ఉన్నాయి. ముంబయిలో పవిత్ర్ ప్రభాకర్ అనే కుర్రాడు ధోవతి కట్టుకుని సాలెదారాలు విసురుతాడు. కథగా సామాన్యం, చూడడానికి ముచ్చటగా ఉంటుంది.

మూడో అడుగు: సంపాదించుకోవడం

ఎక్కువ పుస్తకాలు ఆన్‌లైన్లోనే తెప్పించుకోవాలి. కొనే ముందు పేజీలో మూడు వివరాలు చూడండి. ఒకటి, ఏయే సంచికలు ఇందులో ఉన్నాయన్న వరస. అది లేని ప్రకటనను నమ్మవద్దు. రెండు, పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్. ఒకే కథ మామూలు అట్టతో, గట్టి అట్టతో, చిన్న సైజులో వేర్వేరుగా వస్తుంది. బొమ్మ చూసి కొంటే ఒకటి అనుకుంటే మరొకటి చేతికొస్తుంది, ఆ అంకె చూసి కొంటే పొరపాటు జరగదు. మూడు, పుటల సంఖ్య. నాలుగు సంచికల కథ నాలుగు వందల పుటలు ఉండదు కదా.

ధర గురించి. డీసీ సంస్థ 2024 నుంచి పేరున్న కథలను చిన్న సైజులో, తక్కువ ధరకు వేస్తోంది. వాచ్‌మెన్, ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్ రెండూ ఆ వరసలో ఉన్నాయి. అక్షరాలు చిన్నవైపోతాయి కాబట్టి కళ్ళజోడు ఉన్నవాళ్ళకు ఇబ్బందే. చదువుకునే కుర్రాళ్ళకు మాత్రం ఇది మంచి దారి. నెలకొక సంపుటికి మించి కొనకూడదని నియమం పెట్టుకోండి. ఖర్చు కోసమే కాదు, చదవని పుస్తకాలు పేరుకుంటే చదవాలన్న కోరిక కూడా చచ్చిపోతుంది.

దొంగ ముద్రణలు తగులుతుంటాయి. బాగా అమ్ముడయ్యే కథ నమ్మలేనంత చౌకగా కనిపిస్తే అనుమానించండి. చేతికొచ్చాక పోల్చుకోవడం తేలిక. నలుపు రంగు గట్టిగా ఉండదు, బూడిదరంగులోకి పోతుంది. పుట అంచున ఉన్న మాటల బుడగ తెగి ఉంటుంది. అక్షరాల చుట్టూ మసక కనిపిస్తుంది. ముందు పుటల్లో ఉండాల్సిన చిన్న అక్షరాల ప్రచురణ వివరాలు ఉండవు, ఉన్నా చదవడానికి వీలుపడవు. వెంటనే వాపసు చేయండి. గీసినవాడికి పైసా చేరని పుస్తకం అది.

పార్సిల్ వచ్చిన రోజునే విప్పండి. వెన్ను పైకొనా కిందికొనా, నాలుగు మూలలూ చూడండి, దెబ్బ తగిలితే అక్కడే తగులుతుంది. తర్వాత ఒక్కో పుటా తిరగేసి ఏదైనా తప్పిపోయిందేమో చూసుకోండి. విజయనగరం వాళ్ళకు ఇంకో మాట. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలో రావలసిన ఆర్డర్ పెట్టవద్దు. కోట, మూడులాంతర్ల వైపు ఇల్లు ఉంటే ఆ జనంలో కొరియర్ కుర్రాడు రాలేడు, పాపం అతడిని తిప్పడం కూడా న్యాయం కాదు.

పాత పుస్తకాల వేట ఇంకో రుచి. కిలోల లెక్కన కాగితాలు కొనే దుకాణాలతో పరిచయం పెంచుకోండి. వాళ్ళకు కామిక్ అంటే ఏమిటో చూపించి, ఇలాంటివి వస్తే పక్కన పెట్టండి అని చెప్పి, కాగితం ధర కంటే మర్యాదైన ధర ఇవ్వండి. అటువంటి చోట్ల దొరకగలిగినవి, ఫాంటమ్, మాండ్రేక్ కథలు వేసిన ఇంద్రజాల్ కామిక్స్ (1964 నుంచి 1990 దాకా), 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన అమర్ చిత్ర కథ, 1980లో మొదలైన టింకిల్. క్వార్టర్స్ ఖాళీ చేసే రైల్వే, బ్యాంకు ఉద్యోగుల కుటుంబాల దగ్గర ఇవి కట్టలుగా ఉంటాయి. హైదరాబాద్ వెళ్ళే పని ఉంటే ఆదివారం కలిసొచ్చేలా చూసుకుని కోఠి, ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద వెతకండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉండనే ఉంది. విశాఖ అరవై కిలోమీటర్ల దూరం కాబట్టి, కొత్త సంపుటిని చేతితో పట్టుకుని చూశాకే కొనాలనుకునేవాళ్ళు అక్కడి పెద్ద పుస్తకాల షాపులకు వెళ్ళిరావచ్చు.

తెర మీద చదవడానికి అభ్యంతరం లేనివాళ్ళకు మార్వెల్ అన్‌లిమిటెడ్ ఉంది. నెలకింత అని కడితే పాత సంచికలు వేలల్లో చదవవచ్చు, కొత్తవి మూడు నెలల తర్వాత చేరతాయి. ఏది కొనాలో తేల్చుకోవడానికి దీన్ని వాడుకుంటే డబ్బు వృథా కాదు. కాపీహక్కులు తీరిపోయిన 1940ల నాటి కామిక్స్‌ను డిజిటల్ కామిక్ మ్యూజియం ఉచితంగా, చట్టబద్ధంగా ఇస్తోంది. ఎత్తుకొచ్చి పెట్టిన స్కాన్ల జోలికి మాత్రం వెళ్ళవద్దు.

నాలుగో అడుగు: చదవడం

సంపుటిని గంటలో చదివేయవచ్చు. అలా చదివి పక్కన పెట్టేసినవాళ్ళే ఇంత డబ్బు పోస్తే గంటకు సరిపోయిందని నిట్టూరుస్తారు. కామిక్‌ను రెండుసార్లు చదవాలి. రెండోసారి చదవడం మొదటిదాని కంటే నెమ్మదిగా సాగాలి.

మొదటిసారి కథ కోసం చదవండి. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, ఒక్కో గడిలో ఎత్తున ఉన్న మాటల బుడగ ముందు, కిందిది తర్వాత. చతురస్రపు పెట్టెలో ఉన్న మాటలు కథకుడివో, పాత్ర మనసులోవో అయివుంటాయి. ఇంగ్లిషు అక్షరాలు అన్నీ పెద్దబడిలో (క్యాపిటల్స్‌లో) ఉండటం వల్ల మొదట్లో కన్ను తడబడుతుంది, రెండు సంచికలకే సర్దుకుంటుంది. తెలియని మాట కనిపించినప్పుడల్లా నిఘంటువు తీయకండి. ముఖంలో కోపం ఉందో వేళాకోళం ఉందో బొమ్మ చెబుతూనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న పిల్లలకు ఇంగ్లిషు సంభాషణ పట్టుబడడానికి ఇది చాలా మంచి సాధనం, పాఠ్యపుస్తకం కంటే మంచిదని నా గట్టి నమ్మకం.

రెండోసారి మాటలను వదిలేయండి. బొమ్మలే చూడండి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఎవరిని పైన, ఎవరిని కింద గీశారు? గళ్ళు ఎక్కడ చిన్నవయ్యాయి, ఎక్కడ ఒక్కసారి పుటంతా పరుచుకున్నాయి? కుడి పుట చివరి గడిలో ఏం ఆపి, తిప్పగానే ఏం చూపించారు? మంచి చిత్రకారుడు మీరు పుట తిప్పే క్షణాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గీస్తాడు.

కామిక్స్ ఎలా పనిచేస్తాయో చెబుతూ చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ఒక పుస్తకం వేశాడు, అది కూడా కామిక్ రూపంలోనే. గళ్ళ మధ్య తెల్లని సందుకు అందులో ఒక అధ్యాయమే ఉంది. ఒక గడిలో పిడికిలి లేస్తుంది. తర్వాతి గడిలో శత్రువు గోడవారగా పడి ఉంటాడు. దెబ్బ పడిన క్షణాన్ని ఎవరూ గీయలేదు. దాన్ని పాఠకుడే ఊహించుకుని కలుపుకున్నాడు. నవలలోనూ సినిమాలోనూ ఈ పని పాఠకుడి చేతికి ఇంతగా రాదు. సినిమా చూసినవాళ్ళు కూడా పుస్తకం ఎందుకు చదవాలి అంటే నేను చెప్పే కారణం ఇదే.

రెండు పుటలు దగ్గర పెట్టుకుని పోల్చండి. ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్ మొదటి పుటలో నాలుగే గళ్ళు, గడికి రెండేసి మాటలు. నశించే గ్రహం నుంచి పొలంలో ఉన్న దంపతుల దాకా సూపర్‌మ్యాన్ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎనిమిది మాటల్లో అయిపోతాయి. అందరికీ తెలిసిన కథను మళ్ళీ చెప్పి విసిగించకూడదన్న గౌరవం అందులో ఉంది. వాచ్‌మెన్ దీనికి ఎదురు దారి. అట్ట మీద రక్తపు చుక్క పడిన పసుపుపచ్చ బిళ్ళ, దాన్ని మరీ దగ్గరగా చూపిస్తారు. అట్ట బొమ్మే కథలో మొదటి గడి. అక్కడి నుంచి గడి గడికీ చూపు నిలువునా పైకి లేచి, రోడ్డును, మనుషులను చిన్నవి చేస్తూ, చివరికి మేడ పైఅంతస్తులో పగిలిన కిటికీ దగ్గర ఆగుతుంది. హత్య జరిగిందని ఎవరూ చెప్పకముందే, ఎక్కడి నుంచి ఎక్కడికి పడ్డాడో మన కళ్ళు కొలిచేశాయి. ఆ పుస్తకం చాలా పుటలు మూడు వరసల్లో తొమ్మిది సమానమైన గళ్ళుగా సాగుతాయి. ఆ లయ అలవాటయ్యాక ఎక్కడ విరిగిందో అక్కడ ఆగి చూడండి, ఏదో జరిగి ఉంటుంది.

రంగులు వేసినవారి పేరు, అక్షరాలు రాసినవారి పేరు కూడా మొదటి పుటల్లో ఉంటాయి. చదవండి, గుర్తుపెట్టుకోండి. కొంతకాలానికి పేరు చూడకుండానే చెయ్యి గుర్తుపడతారు. అట్ట మూలన వ.పా. అన్న సంతకం చూడకముందే వడ్డాది వారి బొమ్మ అని చెప్పగలిగిన తరం మనది. ఆ కన్ను ఇక్కడా పనికొస్తుంది. తర్వాత కొనాల్సిన పుస్తకం ఏదో కూడా ఆ పేర్లే చెబుతాయి. మజుకెల్లి గీత నచ్చితే ఆయన గీసిన ఇంకో పుస్తకం తెప్పించండి, అది బ్యాట్‌మ్యాన్ కథ కాకపోయినా సరే.

అయిదో అడుగు: జాబితా

ఒక నోటుపుస్తకం చాలు. పేరు, రచయిత, చిత్రకారుడు, ఏయే సంచికలు, ఎప్పుడు ఎంతకు కొన్నది, చదివాక రెండు వాక్యాలు. కొనాల్సినవాటి జాబితా వేరే పుటలో రాసుకుని దాని ఫోటో ఫోనులో ఉంచుకోండి. పాత పుస్తకాల కుప్ప ముందు కూర్చున్నప్పుడు ఉన్నదే మళ్ళీ కొనకుండా కాపాడేది అదే.

ఆరో అడుగు: దాచుకోవడం

గ్రంథాలయాల వాళ్ళు కాగితానికి 40 నుంచి 50 శాతం గాలితేమ మంచిదంటారు. మన కోస్తాలో ఏడాదిలో చాలా నెలలు అంతకంటే ఎక్కువే ఉంటుంది. దీని ఫలితం చూడాలంటే పాత సంచిక ఒకటి తెరిచి నడిమి పుట చూడండి. రెండు పిన్నుల చుట్టూ గోధుమరంగు వలయం కనిపిస్తుంది. పిన్ను తుప్పు పట్టి, ఆ తుప్పు కాగితంలోకి ఇంకి, అక్కడ కాగితం పెళుసుబారి, చివరికి నడిమి పుట ఊడి చేతికొస్తుంది. ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

పిన్నులున్న పల్చని సంచికలకు పాలీప్రొపిలీన్ సంచి, లోపల ఆమ్లం లేని అట్టముక్క తప్పనిసరి. కామిక్ బ్యాగులు, బోర్డులు అని వెతికితే దొరుకుతాయి. ఇప్పటి సంచికలకు ఏడు అంగుళాలకు కాస్త తక్కువ వెడల్పు, పదిన్నర అంగుళాల ఎత్తు ఉన్నవి సరిపోతాయి. 1940ల నాటివి, ఇంద్రజాల్ వంటివి వేరే కొలతలు, స్కేలుతో కొలిచి తీసుకోండి. ఘాటైన ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్ళకు అవి అట్ట రంగుకు అంటుకుపోతాయి. చొక్కాల పెట్టెల్లో వచ్చే బూడిదరంగు అట్టలు కూడా వద్దు, వాటిలోని ఆమ్లం కాగితాన్ని పసుపు చేస్తుంది. వానాకాలం మధ్యలో, ఉక్కపోత రోజున సంచిలో పెట్టి మూయకండి. ఆ తేమనే లోపల బంధించినట్టవుతుంది. చలికాలంలో పొడిగా ఉన్న మధ్యాహ్నం ఈ పని పెట్టుకోండి.

సంపుటులకు సంచులు అక్కర్లేదు, నిటారుగా, ఒత్తుకోకుండా నిలబెట్టండి. ఆమ్నిబస్సులు బరువుకు వెన్ను జారిపోకుండా రెండు వైపులా దన్ను ఉండాలి. బయటి గోడకు బీరువాను ఆనించవద్దు, వాన గోడల తేమ నేరుగా లాక్కుంటుంది. బెత్తెడు ఎడం ఉంచండి. చెదలున్న ఇంట్లో చెక్క అల్మరా కంటే ఇనుప బీరువా నయం. కానీ మూసిన ఇనుప బీరువాలో గాలి ఆడదు కాబట్టి అరకు రెండేసి సిలికా జెల్ పొట్లాలు, రంగు మారేవి, పెట్టండి. రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. వారానికోసారి కాసేపు తలుపులు తెరిచి ఫ్యాను వేయండి. కలరా ఉండలు పుస్తకానికి తగలకూడదు, పిల్లలు తిరిగే గదిలో అసలే వద్దు. వేపాకు పెట్టే అలవాటు ఉన్నవాళ్ళు బాగా ఎండినదే గుడ్డ సంచిలో పెట్టి మారుస్తుండాలి, పచ్చి ఆకు తేమను తెస్తుంది. వెండిరంగులో చేపలా జారిపోయే పురుగు ఒక్కటి కనిపించినా ఆ అర మొత్తం ఖాళీ చేసి తుడవండి. మందులతో సరిపెట్టుకోవద్దు.

పుస్తకాలను ఎండలో పెట్టకండి. తాతల నాటి పుస్తకాలను అలా ఆరబెట్టేవారు కానీ రంగుల ముద్రణ వెలిసిపోతుంది, ముందు ఎరుపు పోతుంది. చిరిగిన పుటకు సెలోటేపు అంటించవద్దు, అది గోధుమరంగు మరకై శాశ్వతంగా ఉండిపోతుంది. ల్యామినేషన్ ఆలోచన మనసులోకి కూడా రానివ్వకండి.

ఇక తుపాను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న మన తీరాన్ని తాకాయి. అందుకే సెప్టెంబరు నెలాఖరుకల్లా కింది అర ఖాళీ చేసేయాలి. నేల నుంచి కనీసం రెండడుగుల ఎత్తులో ఉండనివి ఏవీ మిగలకూడదు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొనిపెట్టుకుని, హెచ్చరిక రాగానే విలువైనవాటిని అందులో సర్ది అటక మీద కాకుండా లోపలి గదిలో మంచం మీద పెట్టండి. ఎగిరిపోయే కప్పు కింద అటక భద్రం కాదు.

పుస్తకం తడిస్తే ఆరిపోకముందే పని మొదలుపెట్టాలి. నున్నని కాగితం తడిగా ఉన్నప్పుడు విడుతుంది, ఆరాక ఇటుకలా గట్టిపడి ఎప్పటికీ విడదు. పుటల మధ్య మైనపు కాగితమో, అచ్చు లేని తెల్ల కాగితమో పెట్టి, నీడలో, గాలి తగిలేలా విసనకర్రలా తెరిచి నిలబెట్టండి. కాగితాలు మారుస్తూ ఉండండి. ఎక్కువ పుస్తకాలు తడిసినప్పుడు కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత ఒక్కొక్కటే ఆరబెట్టుకోవడం గ్రంథాలయాల వాళ్ళు చేసే పద్ధతి. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు ఉండదు కాబట్టి మనకు అది ప్రతిసారీ కుదరదు. అందుకే కాగితాలు, క్లిప్పులు, తాడు ముందే కొని ఉంచుకోండి.

డబ్బు వస్తుందా?

పది సెంట్లకు అమ్మిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. ఈ వార్త చదివి చాలామంది ఈ దారి పడతారు. అది అంత ధర పలకడానికి కారణం, దాన్ని ఎవరూ దాచలేదు. పిల్లలు చదివి చింపారు, యుద్ధకాలంలో కాగితాల సేకరణకు ఇచ్చేశారు, కొన్నే మిగిలాయి. 1991లో వచ్చిన ఎక్స్-మెన్ మొదటి సంచిక ఎనభై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. అందరూ ధర పెరుగుతుందని కొని భద్రపరిచారు, కాబట్టి నేటికీ చౌకగా దొరుకుతుంది. ఆ పెట్టుబడి మోజు చల్లారాక మార్వెల్ 1996లో దివాలా పిటిషన్ వేసుకోవాల్సి వచ్చింది. పది మార్కుల కొలమానంతో గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ ఫలకలో మూసే సంస్థలు ఉన్నాయి. అలా మూసినదాన్ని చదవడం కుదరదు. చదివే సంపుటులకు ఆ ఖర్చు పెట్టవద్దు.

నలుగురితో పంచుకోవడం

ముందు ఇంట్లో. మార్వెల్ పుస్తకాల మీద ఏ వయసువాళ్ళకు తగినదో చెప్పే ఆల్ ఏజెస్, టీ, టీ ప్లస్, పేరెంటల్ అడ్వైజరీ వంటి గుర్తులు ఉంటాయి. బొమ్మల పుస్తకం కదా అని పదేళ్ళ పిల్లాడి చేతిలో వాచ్‌మెన్ పెట్టకండి. అందులో హింస, అత్యాచార ప్రయత్నం ఉన్నాయి. పెద్దవాళ్ళవి పై అరలో ఉంచి, మీరు ముందు చదివి, తర్వాత ఇవ్వండి.

ఊళ్ళో చదివేవాళ్ళు ముగ్గురు నలుగురు దొరికితే కొనుగోలును పంచుకోండి. ఒకరు బ్యాట్‌మ్యాన్ కొంటే ఇంకొకరు మిజ్ మార్వెల్ కొనాలి, ఇద్దరూ ఒకటే కొనకూడదు. అరువిచ్చేది సంపుటులే, పిన్నుల సంచికలు ఇంట్లోనే చదవనివ్వండి. ఎవరు తీసుకున్నారో జాబితా పుస్తకం చివర రాసి, వాళ్ళ చేతనే తారీకు వేయించండి. వరసకు మేనమామ అయినా సరే రాయించండి. మర్యాదకు భంగం రాదు, పుస్తకం తిరిగొస్తుంది. తిరిగిచ్చేటప్పుడు బాగుందా అని అడిగి వదలకుండా, ఏ పుట నచ్చిందో తెరిచి చూపించమనండి. ఒక్కొక్కరు ఒక్కో పుట దగ్గర ఆగుతారు. మీరు హడావిడిగా తిప్పేసిన పుట కూడా అందులో ఉండవచ్చు. ఆ పుట సంఖ్యలు జాబితాలో ఆ పుస్తకం పేరు పక్కనే రాసిపెట్టుకోండి, మళ్ళీ చదివేటప్పుడు అక్కడ ఆగి చూడవచ్చు.